పాత డబ్బాలో గ్లేజ్ పొడి, మసకబారిన గిన్నె: ఇది సీసమేనా?

మట్టిచేతులు:
ఒక కుండల స్టూడియో మూసేస్తుంటే అక్కడి పాత గ్లేజ్ (మట్టిపాత్రలకు పూసి కాలిస్తే గాజులా మారే పూత) పొడుల్లోంచి ఓ డబ్బా తెచ్చుకున్నాను. లేబుల్ సగం చిరిగిపోయింది. "సిలికేట్" అన్న ముక్క, పక్కన 1000 అన్న అంకె మాత్రం కనబడుతున్నాయి. చిన్న డబ్బాయే గానీ ఎత్తితే చెయ్యి లాగేసింది. కొంచెం కాపర్ ఆక్సైడ్ కలిపి రెండు గిన్నెలకు పూసి, 1000 డిగ్రీల దగ్గర కాల్చాను. ఆకుపచ్చగా, అద్దంలా వచ్చాయి. ఒక్క పగులు కూడా లేదు.

మొన్న రాత్రి నిమ్మచెక్క ఒకటి గిన్నెలో బోర్లించి మర్చిపోయాను. పొద్దున చూస్తే చెక్క ఆనిన మేర గుండ్రంగా మెరుపు పోయింది. తుడిస్తే పోవట్లేదు. సీసం ఉంటే రంగు మారే టెస్ట్ స్వాబ్ (దూదిపుల్ల)తో రుద్దితే రంగు మారలేదు. వాడుకోవచ్చంటారా?

పాతకొలిమి:
వద్దండీ. ఆ గుండ్రటి మచ్చే మీకు జవాబు చెప్పేసింది. పులుపు గ్లేజ్‌ని తినేసిందంటే, అందులో ఉన్నది నిమ్మరసంలోకి దిగిందనే. బరువు, సిలికేట్, 1000 కలిపి చూస్తే నాకు లెడ్ బైసిలికేట్ ఫ్రిట్ అనిపిస్తోంది, అంటే సీసాన్ని సిలికాతో కరిగించి గాజు చేసి నూరిన పొడి. ముడి సిందూరం (రెడ్ లెడ్, ఎర్రటి సీసం ఆక్సైడ్) కన్నా అది నయమే. కానీ మీరు రాగి కలిపారు. సీసం గ్లేజ్‌లో రాగి పడితే పులుపుకి సీసం ఎన్నో రెట్లు ఎక్కువ ఊరుతుంది. మెరుపు, పగుళ్లు లేకపోవడం చూసి నమ్మకండి. అంత చక్కగా కరిగి పరుచుకుంటుందనే కదా జనం సీసాన్ని అన్నాళ్లు వాడింది!

స్వాబ్ సంగతి వదిలేయండి. ల్యాబ్‌లో అయితే గిన్నెలో 4 శాతం ఎసిటిక్ యాసిడ్ పోసి, గది వేడిలో 24 గంటలు ఉంచి, అందులోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. సెకన్లలో రుద్దిన దూదికి అదెలా తెలుస్తుంది?

నాకు గిన్నె కన్నా ఆ పొడితోనే టెన్షన్. నేను మాస్క్ లేకుండా జల్లించి, పొడిచీపురుతో ఊడ్చినవాణ్ణి. కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం. ఎనిమిది నెలలు గ్యాస్ మాత్రలు మింగాను. ఏం పని చేస్తావని ఏ డాక్టరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చివరికి రక్తంలో సీసం పరీక్ష చేయిస్తే బయటపడింది. మీరూ చేయించుకోండి. ఊడ్చొద్దు, తడిగుడ్డతో తుడవండి.

చక్రం_తిప్పు:
ఇంకా ఎక్కువ వేడిలో మళ్లీ కాలిస్తే సీసం ఎగిరిపోదా?

పాతకొలిమి:
కొంత ఎగురుతుంది. ఎగిరి కిల్న్ (కాల్చే బట్టీ) ఇటుకలకు, షెల్ఫులకు పడుతుంది. తర్వాత పెట్టిన గిన్నెలకూ అంటుకోవచ్చు. మీరు పీల్చే గాలి సంగతి సరేసరి. అదే వేడికి కరిగే బోరాన్ ఫ్రిట్లు దొరుకుతుంటే ఈ తంటా ఎందుకండీ?

మట్టిచేతులు:
డబ్బాకి మూత బిగించి, మీద సీసం అని రాసి, విడిగా పెట్టాను. రెండో గిన్నె మా చెల్లి పట్టుకెళ్లింది, పాపకి పళ్లరసం అందులోనే పోస్తోందట. ఫోన్ చేస్తున్నా, ఎత్తట్లేదు. బయల్దేరుతున్నాను.