కష్టమైన మాట చెప్పే ముందు ఏఐతో ప్రాక్టీస్ చేసినవాళ్లున్నారా?

కొత్తలీడ్:
అందరికీ నమస్తే. టీమ్ లీడ్ అయి మూడు నెలలైంది. టీమ్‌లో ఒకబ్బాయికి పని సరిగ్గా రావట్లేదని కూర్చోబెట్టి చెప్పాలి, వారం నుంచీ వాయిదా వేస్తున్నా. నోరు తెరిస్తే అయితే నసుగుతా లేదంటే అరిచేస్తా. చాట్‌జీపీటీ లాంటివాటితో ముందు ప్రాక్టీస్ చేస్తే పనికొస్తుందా? నిజంగా చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రాత్రిపిట్ట:
చేశానండీ, దాదాపు ఇదే పరిస్థితిలో. మొదట ఊరికే "నా టీమ్ మెంబర్ లాగా మాట్లాడు" అన్నా, రెండో మాటకే "మీరు చెప్పింది నిజమే, ఇకనుంచి మార్చుకుంటా" అని ఒప్పేసుకుంది, మనుషులు అంత తేలిగ్గా ఒప్పుకుంటారా ఎక్కడైనా. తర్వాత వివరంగా రాశా: నువ్వు ఇక్కడ నాకంటే ముందు నుంచి ఉన్నవాడివి, ప్రమోషన్ నాకొచ్చిందని లోపల మంటగా ఉంది, తప్పంతా పక్క టీమ్ మీదకి తోస్తావు, నేను ఆరేడు సార్లు మాట్లాడేదాకా తగ్గకు, మధ్యలో సలహాలివ్వకు. అప్పుడు "మరి రిక్వైర్‌మెంట్స్ మూడుసార్లు మార్చిందెవరు?" అని అడిగింది. అది ఊహించి వేసిన ప్రశ్నే, కానీ నా చేతులు కీబోర్డ్ మీద ఆగిపోయాయి, ఎందుకంటే మార్చింది నేనే. మీటింగ్‌లో ఆ ప్రశ్న మొదటిసారి వినుంటే ఏం చెప్పేదాన్నో.

ట్రైనింగ్_అక్క:
పదేళ్లుగా సాఫ్ట్ స్కిల్స్ క్లాసులు చెప్తున్నా. రోల్‌ప్లే అనగానే ఇద్దరో ముగ్గురో లేస్తారు, మిగతావాళ్లు గట్టు మీద కూర్చుని చూస్తారు, చూస్తే ఈత వస్తుందా? అందుకే నాకు ఈ ఏఐ ప్రాక్టీస్ నచ్చింది, సిగ్గుపడేవాళ్లు కూడా పదిసార్లు చేస్తున్నారు. సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అని లీడర్‌షిప్ ట్రైనింగ్ ఇచ్చే సంస్థ, వాళ్ల పద్ధతి ఒకటుంది: సందర్భం, ప్రవర్తన, దాని ప్రభావం. "నువ్వెప్పుడూ లేటే" అనకుండా "సోమవారం మధ్యాహ్నం రావాల్సిన రిపోర్ట్ రాత్రి తొమ్మిదికొచ్చింది, టెస్టింగ్ వాళ్లు అప్పటిదాకా ఖాళీగా కూర్చున్నారు" అనడం. నీ మాటలు టైప్ చేసి, ఎక్కడెక్కడ "ఎప్పుడూ", "అస్సలు" వాడావో పట్టుకోమని అడుగు తమ్ముడూ. ఇంకోటి, ఆ అబ్బాయి పేరు, జీతం, ఆరోగ్యం లాంటివి మాత్రం అందులో పెట్టొద్దు.

పొగడ్తలొద్దు:
"బాగా చెప్పానా?" అని అస్సలు అడక్కండి, బాగుందనే అంటుంది. 2025 ఏప్రిల్‌లో, అప్పట్లో చాట్‌జీపీటీలో ఉన్న జీపీటీ-4ఓ మోడల్ అప్‌డేట్ ఒకటి మరీ భజన చేస్తోందని దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే వెనక్కి తీసుకున్నారు, అప్పటికప్పుడు వచ్చే యూజర్ ఫీడ్‌బ్యాక్ మీద ఎక్కువ ఆధారపడ్డామని చెప్పారు కూడా. నేనైతే "అవతలి మనిషివి నువ్వే, నా ఏ మాట దగ్గర నీకు చివుక్కుమంది?" అని అడుగుతా. దానికి మాత్రం పనికొచ్చే జవాబొస్తుంది.

ఇంటర్వ్యూల_వేట:
టైప్ చేస్తూ ప్రాక్టీస్ చేస్తే సగమే అండి. టైప్ చేసింది చెరిపేసి మళ్లీ రాసుకుంటాం, నోటితో అన్నది చెరగదుగా. నేను వాయిస్‌లో చేశా, కాస్త ఆలోచించుకుందామని ఆగితే అది టక్కున అందుకుంటుంది, అదొక్కటే చిరాకు. తెలుగులో అయితే "మీ ప్రయత్నాన్ని అభినందిస్తున్నాను" అని మీటింగుల్లో ఎవరూ మాట్లాడని భాష, మామూలుగా మాట్లాడు అని ముందే చెప్పాలి.

కొత్తలీడ్:
అందరికీ థ్యాంక్స్. నాలుగు రాత్రులు చేసి నిన్న మాట్లాడా. ప్రాక్టీస్ చేసినవాటిలో పనికొచ్చింది మొదటి వాక్యం ఒక్కటే, కానీ అది వణక్కుండా వచ్చింది. అది విని అతను చాలాసేపు టేబుల్ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఏఐ ఒక్కసారి కూడా అలా మౌనంగా లేదు, నాకు ఆ మౌనం అలవాటు లేదు, ఏదోటి అనేయాలనిపించింది, అయినా ఆగా. అప్పుడు చెప్పాడు, పాత కోడ్ సగం అర్థం కావట్లేదంట, అడిగితే చులకనైపోతానని అడగలేదంట. రేపటి నుంచి రోజూ అరగంట ఇద్దరం కలిసి కూర్చుని ఆ కోడ్ చూస్తున్నాం. అక్కా, ఎదుటివాళ్లు మౌనంగా ఉన్నప్పుడు ఆగడం ప్రాక్టీస్ చేయడానికి మీ క్లాసులో ఏమైనా చేయిస్తారా?