జంపన్న అనే పేరు బాబుకు పెట్టొచ్చా?

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక తండ్రి):

మాకు బాబు పుట్టాడు. ఉత్తరాషాఢ, మూడో పాదం. 'జ'తో పేరు పెట్టమని అయ్యగారు చెప్పారు. జయంత్, జశ్వంత్, జయదేవ్ అంటూ చుట్టాలు వాట్సాప్‌లో పంపిస్తూనే ఉన్నారు. మా అమ్మ మాత్రం "జంపన్న అని పెట్టండి" అంది. కోడలి కడుపు పండాలని మేడారంలో మొక్కుకున్నది ఆమే. వచ్చే జాతరకు మనవడి ఎత్తు బెల్లం తూచి 'బంగారం' ఇస్తానని కూడా మొక్కింది. ఆ పేరు విన్నప్పటి నుంచి నాకు ఇంకో పేరు మనసుకు ఎక్కట్లేదు.

మా ఆవిడకు ఒకటే టెన్షన్, ఇంగ్లిష్ మీడియం స్కూల్లో 'జంప్, జంప్' అని ఏడిపిస్తారని. మా మామయ్య మాట ఇంకా గట్టిగా తగిలింది: "యుద్ధంలో ఓడి వాగులో ప్రాణం విడిచినోని పేరు పసిపిల్లగానికెందుకు?" ఈ పేరు ఎవరైనా పెట్టుకుంటున్నారా? దాని కథ సరిగ్గా తెలిసినవాళ్లు చెప్పండి. తొట్టెల కార్యం దగ్గరపడింది.

జవాబు (రిటైర్డ్ టీచర్, ములుగు):

బాబూ, ఆ అడవి ఊళ్లలోనే నా సర్వీసంతా గడిచింది కాబట్టి వివరంగానే రాస్తాను.

సమ్మక్క, పగిడిద్ద రాజుల కొడుకు జంపన్న. సారలమ్మ, నాగులమ్మ ఆయన తోబుట్టువులు. కరువొచ్చి కోయ రాజ్యం కప్పం కట్టలేకపోతే కాకతీయ ప్రతాపరుద్రుడి సేన మేడారం మీదికి వచ్చిందనీ, పోరులో తండ్రి, అక్క, బావ గోవిందరాజు నేలకొరిగారనీ చెబుతారు. గాయపడ్డ జంపన్న శత్రువు చేతికి చిక్కడం ఇష్టంలేక సంపెంగ వాగులో దూకాడు. ఆయన నెత్తురుతో నీళ్లు ఎర్రబడ్డాయంటారు. అప్పటి నుంచే అది జంపన్న వాగు అయింది.

మీ మామయ్య భయం పెద్దల భయం, తీసిపారేయకండి. కానీ ఆయన్ని ఒక్క సంగతి అడగండి. అభిమన్యుడు కూడా యుద్ధంలో చనిపోయినవాడే కదా, ఆ పేరు పెట్టుకోవడానికి ఎవరైనా వెనకాడుతున్నారా? పైగా జాతరకు వచ్చే లక్షల మంది గద్దెల దగ్గరికి పోయే ముందు జంపన్న వాగులోనే మునుగుతారు. బుధవారం సారలమ్మను కన్నెపల్లి నుంచి తెచ్చే పూజారులు ఆ వాగు దాటే గద్దెకు చేరతారు. అక్క తమ్ముడి వాగు దాటి వస్తున్నదని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. జనం అంత భక్తితో మునిగే చోటి పేరులో అశుభం నాకైతే కనబడదు.

పెట్టుకుంటారా అన్నారు. నా హాజరు పట్టీల్లో సమ్మయ్య, సారయ్య, సమ్మక్క, సారక్క లేని తరగతి అరుదు. వరంగల్, కరీంనగర్ వైపు సమ్మిరెడ్డి, సమ్మారావు పేర్లు కూడా ఆ తల్లి పేరు మీదివే. జంపన్నలు మాత్రం చాలా తక్కువ. తల్లీబిడ్డలకు మొక్కి వాళ్ల పేర్లు పెట్టుకున్నారు, కొడుకు పేరు వాగుకే మిగిలిపోయింది. అందుకే మీ అమ్మగారు ఆ పేరు అడగడం నాకెంతో సంతోషంగా ఉంది.

జవాబు (భీమవరం ఆడపడుచు, ఇప్పుడు కాజీపేట కోడలు):

అన్నయ్యగారూ, మా గోదావరి వైపు 'జంపన' ఇంటిపేరు. మీ అబ్బాయి ఎప్పుడైనా అటు ఉద్యోగానికి వెళితే "పేరు చెప్పు బాబూ, ఇంటిపేరు కాదు" అంటారు. అంతకు మించి ఇబ్బందేమీ లేదు. ఏడిపించడం గురించి వదినగారికి చెప్పండి, పిల్లలు ఏ పేరునూ వదలరు. మా వాడు సాత్విక్. వాణ్ణి 'సాంబార్' అంటున్నారు.

జవాబు (నర్సంపేట):

ఒక విషయం ముందే తెలిసుంటే మంచిది అన్నా. 2017లో లొంగిపోయిన మావోయిస్టు నాయకుడు కూడా జంపన్న పేరుతోనే అందరికీ తెలుసు. అది ఆయన ఉద్యమంలో పెట్టుకున్న పేరు. కొందరు పెద్దవాళ్లకు పేరు వినగానే ఆయనే గుర్తుకొస్తారు. దానికోసం పేరు మానుకోమనను. ఎవరైనా అడిగితే వాగు కథ చెప్పండి చాలు.

జవాబు (తాడ్వాయి మండలం):

నేను కోయ బిడ్డను. మా వీరుడి పేరు హన్మకొండలో ఒక ఇంట్లో పిలుస్తారంటే చాలా ఆనందం. ఒక్కటే కోరిక అన్నా. పేరు పెట్టాక స్టైల్ కోసం దాన్ని 'జంపు', 'జంపేష్' చేయకండి. బాబు కాస్త పెద్దయ్యాక జాతర లేని రోజుల్లో తీసుకురండి. జనం లేనప్పుడు వాగు ఒడ్డున కూర్చొని కథంతా తీరిగ్గా చెప్పొచ్చు, సమ్మక్క తల్లి కొలువున్న చిలకలగుట్ట ఎటుందో కూడా చూపించొచ్చు.

జవాబు (జనన ధ్రువపత్రాల పని తెలిసిన వ్యక్తి):

తొట్టెల కోసం తొందరపడి సర్టిఫికెట్‌లో రాయించాల్సిన పని లేదు. పుట్టుక నమోదైతే పేరు లేకుండానే పత్రం ఇస్తారు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుము ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. కాబట్టి ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే రాయించండి. ఇంగ్లిష్ అక్షరాల్లో చివర రెండు 'ఎన్'లు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఒకటే పడితే ఆ అక్క చెప్పిన ఇంటిపేరులా కనిపిస్తుంది, తర్వాత ఆధార్‌లో సరిచేయించడానికి తిరగాలి.