‘రెండో చెంప చూపించడం’: ఈ మాట ఎక్కడిది, తెర మీదికి వచ్చాక ఏమైంది?

పలుకుబడి:
“ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించడానికి నేనేమీ…” అనే సంభాషణ సినిమాల్లో, సీరియళ్లలో మూసగా మారిపోయింది. ఆ ఖాళీలో ఒక్కోసారి క్రీస్తు పేరు వస్తుంది, ఒక్కోసారి గాంధీ పేరు. వార్తల్లోనూ చర్చావేదికల్లోనూ ఎవరి పేరూ లేకుండానే, చేతగానితనానికి మారుపేరుగా ‘రెండో చెంప’ అనేస్తున్నారు. అసలు వాక్యం ఏమిటి? ‘చూపించు’ అన్న క్రియ ఎక్కడ నుంచి వచ్చింది? ఈ చేతగానితనం మూలంలో ఉందా, తర్వాత అంటుకుందా? తెలిసినవారు చెప్పగలరు.

పాతప్రతి:
ముందు పాఠం చూద్దామండీ. వాడుకలో ఉన్న తెలుగు బైబిల్లో మత్తయి 5:38, 39 ఇలా ఉంది: “కంటికి కన్ను, పంటికి పల్లు అని చెప్పబడిన మాట మీరు విన్నారు గదా; నేను మీతో చెప్పునదేమనగా, దుష్టుని ఎదిరింపక, నిన్ను కుడిచెంపమీద కొట్టువాని వైపునకు ఎడమచెంప కూడ త్రిప్పుము.” ఇదే మాట లూకా 6:29లోనూ ఉంది. అక్కడ కుడి ఎడమలు లేవు, ‘ఒక చెంప, రెండవ చెంప’ అని ఉంది. అంటే మన నానుడి లూకా పోలికలో ఉంది.

క్రియ సంగతి. తెలుగులో రెండు చోట్లా ‘త్రిప్పుము’ అనే ఉంది. సువార్తల మూలభాష గ్రీకులో మాత్రం వేరువేరు క్రియలు. మత్తయిలో ‘స్ట్రెప్సోన్’, అంటే తిప్పు. లూకాలో ‘పారెఖే’, అంటే అందించు, ముందు ఉంచు. కాబట్టి ‘చూపించు’ సినిమావాళ్లు పుట్టించినదని కొట్టిపారేయలేం, లూకా గ్రీకుకు అది దగ్గరే. తేడా తెలుగులో ఉంది. ‘తిప్పు’ అంటే చేసేవాడు తల కదిలించి ఎదుటివాడి కళ్లలోకి చూసే పని. ‘చూపించు’ అనేసరికి, ఇదిగో ఇక్కడ కూడా కొట్టు అని బతిమాలుతున్నట్టు వినిపిస్తుంది.

భాషాపరంగా ఇంకో సంగతి, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. “నేను *మీతో* చెప్పునదేమనగా… *నిన్ను* కుడిచెంపమీద”. బహువచనంతో మొదలై ఏకవచనంలోకి దిగింది. గ్రీకులోనూ అంతే. నేటి ఇంగ్లిష్‌లో ‘యూ’ రెంటికీ ఒకటే కాబట్టి ఈ మలుపు కనపడదు, తెలుగులో స్పష్టంగా కనపడుతుంది. ఆజ్ఞ దెబ్బ తిన్నవాడికి, తన దెబ్బ గురించి. పక్కవాడు దెబ్బ తింటుంటే చూస్తూ నిలబడమని ఈ వాక్యంలో లేదు. మరి సినిమాలో ఈ సంభాషణ ఎప్పుడు వస్తుందో గమనించండి. చెల్లెలిని, తల్లిని, ఊరివాళ్లను ఎవడో కొట్టినప్పుడు వస్తుంది. అంటే వాక్యం అడగని పనిని తాను నిరాకరిస్తున్నానని హీరో గట్టిగా ప్రకటిస్తున్నాడన్నమాట.

పలుకుబడి:
ఏకవచనం సంగతి ఎప్పుడూ తట్టలేదండీ. మరి దీన్ని దేశాలకూ కోర్టులకూ వర్తింపజేసినవాళ్లు లేరా?

పాతప్రతి:
ఉన్నారు. రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ అలాగే చదివాడు, సైన్యం, న్యాయస్థానం కూడా క్రైస్తవానికి విరుద్ధమేనన్నాడు. అంతకు చాలా ముందు, 1523లో జర్మన్ మతసంస్కర్త లూథర్ దీనికి ఎదురుగా రాశాడు: నీ మట్టుకు నువ్వు సహించు, పొరుగువాడికి అన్యాయం జరుగుతుంటే అధికారాన్ని వాడు అని. రెండు పక్షాలూ వాక్యాన్ని తీవ్రంగా పట్టించుకున్నవే. హీరో సంభాషణకు వీటిలో దేనితోనూ చుట్టరికం లేదు.

తేటనీరు:
గాంధీ పేరు గురించి నేను చెబుతాను. లండన్‌లో చదువుకునే రోజుల్లో బైబిల్లోని కొత్త నిబంధన చదివానని, ఈ వాక్యం ఉన్న కొండమీది ప్రసంగం నేరుగా గుండెకు తాకిందని ఆయన ఆత్మకథలో రాశారు. ఈ చెంప వాక్యాన్నే అక్కడ ఉదహరించారు. చిన్నప్పటి నుంచి తెలిసిన గుజరాతీ కవి శామల్ భట్ పద్యంతో దాన్ని పోల్చుకున్నారు కూడా. 1982లో వచ్చిన ‘గాంధీ’ చిత్రంలోనూ ఈ వాక్యం ఆయన నోటే వస్తుంది, కానీ కొత్త నిబంధనలోదని చెప్పే అంటారు. ఇన్ని ఆధారాలున్నా జనం నోట ఆ చిరునామా ఊడిపోయింది. దాని ఫలితం ఒకటి గమనించాలి. వాక్యం గౌరవంగా పలికితే గాంధీది అవుతోంది, ఎగతాళిగా పలికితే క్రీస్తుది అవుతోంది. క్రైస్తవం గురించి ఇంకేమీ తెలియని ప్రేక్షకుడికి ఆ ఎగతాళి ఒక్కటే మిగులుతుంది.

‘కంటికి కన్ను’ది కూడా ఇదే దారి. నిర్గమకాండము 21:24లో అది శిక్షకు హద్దు: కన్ను పోయినందుకు ప్రాణం తీయకూడదు. పోస్టర్ల మీదికి వచ్చాక పగకు ఊతపదమైంది.

తెరవెనుక:
కథనం వైపు నుంచి చెబుతాను. తెర మీద క్రైస్తవ పాత్రను పరిచయం చేయడానికి మూడు నాలుగు గుర్తులు చాలనుకుంటారు: మెడలో సిలువ, కొవ్వొత్తులు, తెల్లటి అంగీ, మెత్తటి గొంతు. మొదటి సగంలో ఈ పాత్ర చెంపదెబ్బ తిని మౌనంగా ఉంటుంది. విశ్రాంతి లోపు చనిపోతుంది. ఆ చావు హీరో పగకు కారణమవుతుంది. ఈ అల్లికలో సమస్య ఎక్కడుందంటే, వాక్యాన్ని నమ్మినవాడికి సంభాషణ లేదు. వాక్యాన్ని తిరస్కరించేవాడికే సంభాషణ, నేపథ్య సంగీతం, చప్పట్లు. ప్రేక్షకుడు వాక్యాన్ని నేర్చుకునేది దాన్ని తోసిపుచ్చేవాడి నోటి నుంచి.

రెండో మూస దీనికి తిరగబడినది: సిలువ వేసుకున్న ముఠా నాయకుడు, లేదా డబ్బు మీద కన్నేసిన ప్రసంగీకుడు. వాడు ఈ వాక్యం చదివి మరీ కొడతాడు. మొదటి మూసలో క్రైస్తవుడు అమాయకుడు, రెండోదానిలో కపటి. దెబ్బకు లొంగకుండా, ఎదురు దెబ్బ తీయకుండా, నిలబడి ప్రశ్నించేవాడు ఈ రెంటి మధ్యా లేడు. రాయడం కష్టం కాబట్టి లేడు. ఆ పాత్రకు మాటలు కావాలి, గుర్తులు సరిపోవు.

దీని ప్రభావం తెర దాటి వస్తుంది. ఒక క్రైస్తవుడు తనకు జరిగిన అన్యాయం మీద ఫిర్యాదు చేస్తే, “మీ బైబిల్లో రెండో చెంప చూపించమనే కదా” అని వ్యాఖ్యలు పడతాయి. సినిమా సంభాషణను ఇతరుల హక్కులకు కొలబద్దగా వాడటమే ఇది. లోపలి వాళ్లూ ఇదే తప్పు చేస్తారు, భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీకి ఈ వాక్యం చెప్పి ఊరుకోమంటారు. రెండూ ఘోరమే.

పాతప్రతి:
దానికి జవాబు సువార్తలోనే ఉంది. యోహాను 18:22, 23 చూడండి. ప్రధానయాజకుని ఎదుట ఒక బంట్రౌతు యేసును కొడతాడు. ఆయన అక్కడ రెండో చెంప తిప్పలేదు, ఎదురు దెబ్బా కొట్టలేదు. “నేను కాని మాట ఆడినయెడల ఆ కాని మాట ఏదో చెప్పుము, మంచి మాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు” అని అడిగాడు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణంలో తనను విచారణ లేకుండా కొట్టిన అధికారులనే స్వయంగా వచ్చి బయటికి తీసుకెళ్లమన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). తర్వాత కైసరు, అంటే రోమా చక్రవర్తి ఎదుట చెప్పుకుంటానన్నాడు (25:11). చట్టం తలుపు తట్టడం ఈ వాక్యానికి విరుద్ధమని మొదటి తరం వాళ్లు అనుకోలేదు.

పదమూలం:
‘కుడి’ గురించి ఎవరూ చెప్పలేదు. ఎదురెదురుగా నిలబడి కుడిచేత్తో కొడితే దెబ్బ ఎడమ చెంపకు తగులుతుంది. కుడి చెంపకు తగలాలంటే చేతి వెనుక భాగంతో కొట్టాలి. అది గాయపరచడానికి కొట్టే దెబ్బ కాదు, కింది మనిషివని గుర్తుచేసే అవమానం. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో చెంపదెబ్బకు 200 జూజులు (ఆనాటి వెండి నాణేలు), చేతి వెనుక భాగంతో కొడితే 400 జూజులు జరిమానా (బాబా కమ్మా 8:6). నొప్పి తక్కువ, జరిమానా రెట్టింపు. అవమానానికి కట్టిన విలువ అది. వాల్టర్ వింక్ అనే పండితుడు దీన్ని పట్టుకుని, ఎడమ చెంప తిప్పడం అంటే “కొట్టాలంటే సమానుడిగా కొట్టు” అనడమేనని వ్యాఖ్యానించాడు. తర్వాతి వాక్యాలు కూడా అదే వరుసలో ఉన్నాయి. అంగీ కోసం వ్యాజ్యం వేస్తే పైవస్త్రమూ ఇచ్చెయ్యి. ఒక మైలు బలవంతంగా నడిపిస్తే రెండు మైళ్లు నడువు. ఆ ‘బలవంతము చేయు’ అన్నది ప్రజల చేత వెట్టి చేయించుకునే అధికారానికి వాడే క్రియ. సిలువ మోయడానికి కురేనీయుడైన సీమోనును పట్టుకున్న చోట (మత్తయి 27:32) కూడా అదే క్రియ.

తేటనీరు:
బాగుంది గానీ జాగ్రత్తండీ. లూకాలో ‘కుడి’ లేదు, కాబట్టి వింక్ వాదం మొత్తం మత్తయిలోని ఒక్క పదం మీద నిలబడింది. పాత నిబంధనలో విలాపవాక్యములు 3:30లో కొట్టేవాడి వైపు చెంప తిప్పడం అంటే నిందను భరించడమే. యెషయా 50:6 కూడా అంతే. ‘ఓర్పు’ అనే పాత అర్థాన్ని తీసేసి ‘ధిక్కారం’ ఒక్కటే నిలబెడితే, ఒక సినిమా సంభాషణ పోయి ఇంకో సినిమా సంభాషణ వస్తుంది. అవమానం అన్న సంగతి మాత్రం ఖాయం, మిష్నా ఆధారం బలంగా ఉంది.

డబ్బింగ్ గది:
పని చేసేవాళ్ల కోసం నాలుగు మాటలు. ఇంగ్లిష్‌లో ‘టర్న్ ది అదర్ చీక్’ చాలాసార్లు ఉత్త నుడికారం, మతంతో సంబంధం లేకుండా “పోనీలే, వదిలెయ్” అనే అర్థంలో వస్తుంది. అలాంటి చోట చెంప తేవద్దు. ‘ఓర్చుకో’, ‘సహించు’, ‘ఊరుకో’ సరిపోతాయి. పెదవుల పొందిక కూడా కలిసొస్తుంది. ఆ ఇంగ్లిష్ మాటల్లో పెదవులు మూతపడే శబ్దం ఒక్కటీ లేదు, ఈ మూడింటిలోనూ లేదు. ‘చెంప’లో పెదవులు కలవాల్సిందే, క్లోజప్‌లో తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ‘క్షమించు’కూ అదే ఇబ్బంది, పైగా అర్థమూ వేరు.

పాత్ర నిజంగా లేఖనం చదువుతుంటే మాత్రం బైబిలు పాఠాన్నే వాడండి, ‘కుడిచెంప’, ‘త్రిప్పుము’ వదలకుండా. గ్రాంథికం కనుక ఇది లేఖనమని ప్రేక్షకుడికి వెంటనే తెలుస్తుంది. ఉపశీర్షికలో రెండు వరుసలకు మించి చోటు ఉండదు, ఆరేడు సెకన్లకు మించి ఉంచరు. వాక్యం పట్టకపోతే “దుష్టుని ఎదిరింపక” అన్న భాగాన్ని ముందు ఉపశీర్షికకు జరపండి. ‘కుడి’ కొట్టేసి చోటు చేసుకోవద్దు.

పలుకుబడి:
మరి హీరో తిరస్కరించే సంభాషణ అనువదించాల్సి వస్తే?

డబ్బింగ్ గది:
అక్కడ నానుడినే ఉంచాలండీ, ‘రెండో చెంప చూపించడం’ అనే. పాత్ర తప్పుగా అర్థం చేసుకున్నదాన్ని అనువాదకులు సరిదిద్దకూడదు. పేరు మాత్రం మూలంలో ఉంటేనే రాయండి. మూలంలో ఎవరి పేరూ లేని చోట క్రీస్తునో గాంధీనో చేర్చితే, అది మనం అంటించిన మాట అవుతుంది.