పెళ్లి రిసెప్షన్‌లో ‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’: ఆల్టో మీద ఎలా పలికించాలండి?

పాలకొల్లు శాక్సు:
అందరికీ నమస్కారమండి. బ్యాండు మేళంలో ఆల్టో శాక్సు వాయిస్తాను. ఎదురుసన్నాహం, ఊరేగింపు మా పని. వీధి చివరింటికి వినపడేలా ఊదాలి, లేకపోతే డోలు మింగేస్తది. ఈ మాఘమాసంలో భీమవరంలో ఒక పెళ్లి ఒప్పుకున్నాం. పెళ్లికొడుకు అమెరికా నుంచి వస్తున్నాడు. రిసెప్షన్‌కి అమెరికా జాజ్ శాక్సు విద్వాంసుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ ‘వైన్‌లైట్’ ఆల్బమ్‌లో ఉన్న ఆ పాటే కావాలన్నాడు. ఆల్బమ్ అంతా విన్నాను, ఆరే పాటలు. ఆ మహానుభావుడు ఎక్కడా గట్టిగా ఊదడండి! అయినా నిండుగా మోగుతుంది. శ్రుతి ఏంటి? బిల్ విథర్స్ పాడేచోట నేనేం చెయ్యాలి? మధ్యలో టింగుటింగుమనేది కీబోర్డేనా?

తణుకు కీస్:
కీబోర్డు కాదు గురూ, స్టీల్ పాన్. నూనె పీపా అడుగుని సుత్తితో కొట్టి స్వరాలు తీస్తారు, ట్రినిడాడ్ వాళ్ల వాయిద్యం. వాయించింది రాబర్ట్ గ్రీనిడ్జ్. మన దగ్గర దొరకదు, ఆ ముక్క నేను కీబోర్డు మీద లాగించేస్తాను.
పాట ఎఫ్ మైనర్, అంటే మన నాలుగు శ్రుతి. ఆల్టోకి స్వరాల పేర్లు వేరు కాబట్టి నీకది డి మైనర్ అవుతుంది. శుద్ధ ధన్యాసి రాగం స్వరాలు పట్టుకుంటే సోలో సగం వచ్చేసినట్టే. సి సెవెన్త్ కార్డ్ పడ్డప్పుడు మాత్రం కాకలి నిషాదం తాకి షడ్జానికి వచ్చెయ్, కీరవాణి రాగం నీడ కనిపిస్తుంది. నీకది సి షార్ప్, వేళ్లన్నీ ఎత్తేసే స్వరం. పల్చగా పలుకుతుంది, చూసుకో. పాట పాడేచోట ఖాళీల్లో రెండేసి స్వరాలు వెయ్యి, అంతే.

రాజమండ్రి రికార్డులు:
ఇదసలు జాజేనా? హోటల్ లిఫ్టులో వేసే మ్యూజిక్కు.

కాకినాడ పాతకాపు:
బాబూ, లిఫ్టులో వేసింది హోటలు వాళ్లు, గ్రోవర్ కాదు. వెనకాల ఎవరున్నారో చూశారా? డ్రమ్స్ స్టీవ్ గాడ్, గిటార్ ఎరిక్ గేల్, ఎలక్ట్రిక్ పియానో రిచర్డ్ టీ. బేస్ వాయించిన మార్కస్ మిల్లర్ అప్పటికి ఇరవై దాటిన కుర్రాడు. ఆల్బమ్ వచ్చింది 1980లో. ఈ పాట 1981లో అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో రెండో స్థానం దాకా వెళ్లింది. 1982 గ్రామీల్లో ఆల్బమ్‌కి జాజ్ ఫ్యూజన్ అవార్డు, పాటకి ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) అవార్డు. రేడియోకి కత్తిరించిన ముక్క విని తీర్పు చెప్పకండి. ఆల్బమ్‌లో ఏడు నిమిషాల పైనే ఉంది, శాక్సు తీరిగ్గా విచ్చుకునేది అక్కడే. నన్నడిగితే టైటిల్ పాట ఇంకా గొప్పది. బేస్‌నీ డ్రమ్స్‌నీ విడిగా వినండి, లిఫ్టు మాట మళ్లీ ఎత్తరు.

పాలకొల్లు శాక్సు:
ఆయ్, చాలా థాంక్సండి. మెల్లగా ఊదుతుంటే కింది స్వరాలు బొంగురుపోతున్నాయి. పైగా చెమ్మకి జీ షార్ప్ కీ అతుక్కుపోతోంది. వర్షాకాలం మరీనూ.

తణుకు కీస్:
కీ కింద సిగరెట్ కాగితం పెట్టి కాసేపు నొక్కి ఉంచు, చెమ్మ పీల్చేస్తుంది. లాగి తియ్యకు, ప్యాడు చిరుగుద్ది. స్వరానికైతే దవడ కొంచెం దించు, కింది పెదవి వదులు చెయ్, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు వెచ్చగా ఊదు. మైకు దగ్గరే ఉంటుందిగా, దూరానికి వినపడాలన్న దిగులొద్దు.

పాలకొల్లు శాక్సు:
అయితే ఆదివారం రిహార్సలుకి మీరే రావాలండి. బస్సు చార్జీ, భోజనం మావి. పులసలైతే దొరకవు, సీజన్ కాదు. చేపల పులుసు మాత్రం ఖాయం. కీబోర్డు స్టాండు మాత్రం మీరే తెచ్చుకోవాలి, మాది విరిగింది.