బరువు తగ్గాలంటే మామూలు నడకా, మెట్లెక్కడమా?

నమస్కారం అండీ. మాది తిరుపతి. నాకు 42 ఏళ్లు, బరువు 84 కిలోలు. బీపీ, షుగర్ లేవు. రోజూ పొద్దున్నే కపిలతీర్థం నుంచి అలిపిరి దాకా నడుస్తున్నాను. పక్కవాళ్లతో కబుర్లు చెప్తూనే నడవగలను, చెమట పెద్దగా పట్టదు. బరువు మాత్రం కదలడం లేదు.

అదే అలిపిరి మెట్లెక్కితే గాలిగోపురం చేరేలోపే గుండె దడదడలాడుతుంది. రెండు మాటలు కలిపి మాట్లాడలేను, చేతి వాచీలో గుండె వేగం నిమిషానికి 160 చూపిస్తుంది. 220 లోంచి వయసు తీసేస్తే నా గరిష్ఠ గుండె వేగం సుమారు 178. అందులో 60-70 శాతం, అంటే 107 నుంచి 125 మధ్య ఉంటేనే కొవ్వు కరుగుతుందని జిమ్‌లో ఒకరు చెప్పారు. ఆ వేగంలో ఖర్చయ్యే క్యాలరీల్లో కొవ్వు వాటా ఎక్కువే కావచ్చు, కానీ అదే సమయంలో ఖర్చయ్యే మొత్తం క్యాలరీలు తక్కువ కదా? నాకు ఇక్కడే అయోమయం.

మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు లాగేస్తాయి, అదొక టెన్షన్. పైదాకా ఎక్కి బస్సులో దిగిపోతే మంచిదా? వారంలో ఎన్ని రోజులు నడక, ఎన్ని రోజులు మెట్లు పెట్టుకోవాలి? ఇలా చేసి బరువు తగ్గినవాళ్లు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.