ఫైళ్లు పంపుకోవడానికి మధ్యలో క్లౌడ్ సర్వర్ పెట్టాలా, వద్దా?

బెజవాడ ఎడిటర్:
రాజమండ్రిలో మావాళ్లు పెళ్లి షూట్ చేస్తారు, విజయవాడలో నేను ఎడిట్ చేస్తాను. ఇదివరకు హార్డ్‌డిస్క్ బస్సు పార్సిల్‌లో వేసేవాళ్లం, ఒకసారి చేరేసరికి డిస్క్ చెడిపోయి ప్రాణం పోయినంత పనయింది. ఇప్పుడు రెండుచోట్లా సింక్‌థింగ్ (మధ్యలో సర్వర్ లేకుండా కంప్యూటర్ల మధ్య ఫైళ్లు నేరుగా పంపే ప్రోగ్రామ్) పెట్టాం. మొన్నటి పెళ్లి 180 జీబీ. ఎప్పుడు చూసినా 'రిలే వాన్' (నేరుగా కాక మధ్యలో ఇంకో కంప్యూటర్ మీదుగా) అనే చూపిస్తోంది, స్పీడ్ నత్తనడక, పైగా వాళ్లు రాత్రి లాప్‌టాప్ మూసేస్తే తెల్లారేదాకా ఒక్క ఫైలూ కదలదు. ముంబైలో సర్వర్ అద్దెకు తీసుకోనా?

గోదారి గట్టు:
వద్దండీ, ముందు రౌటర్‌లో వాన్ ఐపీ, అంటే ఇంటర్నెట్ కంపెనీ మీకిచ్చిన అడ్రస్, చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే, అంటే కంపెనీవాళ్లు ఒకే ఐపీవీ4 (పాత రకం) అడ్రస్‌ని చాలామందికి పంచుతున్నారు కాబట్టి బయటినుంచి మీ దాకా దారి దొరకదు, అందుకే వలంటీర్లు నడిపే రిలే మీదుగా తిరిగి వస్తోంది. ఇద్దరికీ ఐపీవీ6 (ఇలా పంచుకోనక్కర్లేని కొత్త రకం అడ్రస్) ఉంటే ఒకవైపు ఫైర్‌వాల్‌లో సింక్‌థింగ్ వాడే 22000 పోర్ట్ (కనెక్షన్ లోపలికొచ్చే ద్వారం) తెరవండి, చాలు. ఎవరో తమ ఇంటి ఆడపిల్లల వీడియోలు మనల్ని నమ్మి ఇస్తే, వాటిని ముక్కూమొహం తెలియని వాడి డిస్క్ మీద పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

మూడో పీర్:
దారి దొరికినా మూసేసిన లాప్‌టాప్ ఫైలు పంపదు కదండీ. టోరెంట్‌లో సీడర్ (పూర్తి ఫైలు ఉండి పంచేవాడు) లేకపోతే ఆగిపోయినట్టే ఇదీ. సర్వర్ అంటే రాత్రంతా మేలుకుని ఉండే ఇంకో పీర్ (ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే కంప్యూటర్), అంతే. ఆడపిల్లల వీడియోల గురించి మీ బాధ న్యాయమే, దానికి దారి ఉంది: ఫోల్డర్‌ని సర్వర్‌తో షేర్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ ఇవ్వండి, అక్కడ ఫైలు పేర్లతో సహా అన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి, సైజులు మాత్రం కనిపిస్తాయి.

గోదారి గట్టు:
మరి ఖర్చు? సర్వర్‌లోకి ఎక్కించడం ఉచితమే, దించుకునేటప్పుడే మీటర్ తిరుగుతుంది. అమెజాన్ క్లౌడ్‌లో నెలకు 100 జీబీ దాకా ఉచితం, ఈ ఒక్క పెళ్లితోనే అది దాటిపోతుంది.

మూడో పీర్:
నిజమే, అందుకే నెలకు ఇన్ని టీబీల డేటా అని అద్దెలోనే కలిపి ఇచ్చే చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) చూసుకోవాలి. డిస్క్ సైజు చూడటం మర్చిపోవద్దు.

బెజవాడ ఎడిటర్:
చూశాను, 100.72తో మొదలైంది. ఇద్దరికీ ఐపీవీ6 ఉంది, పోర్ట్ తెరిచాక 'టీసీపీ వాన్' (నేరుగా కనెక్షన్) అని మారింది, పగలు బ్రహ్మాండంగా నడుస్తోంది. రాత్రి సంగతికి సర్వర్ బదులు రాజమండ్రిలో పాత డెస్క్‌టాప్‌ని ఆన్‌లో ఉంచమన్నాను. కరెంటు పోతే మళ్లీ దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో) ఎక్కడ పెట్టాలో ఎవరైనా చెప్పండి.