భూగర్భ పార్కింగులోకి జీపీఎస్, ఎఫ్ఎం సంకేతాలను చేర్చడంపై సలహా కావాలి

నమస్కారం. నేను నిర్వహణ చూసే అంబులెన్సులు రెండంతస్తుల లోతున్న భూగర్భ పార్కింగులో ఉంటాయి. అవి బయటికి వచ్చాక జీపీఎస్ రిసీవరు ఉపగ్రహాల కక్ష్య వివరాలను మళ్లీ అందుకోవడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. ఆలోగా డ్రైవరు మొదటి మలుపు దాటిపోతారు, తెర మీది బాణం మాత్రం పాతచోటే నిలిచి ఉంటుంది. ప్రాణాపాయ వేళల్లో ఆ జాప్యం నన్ను ఎంతో కలవరపెడుతోంది.

పైకప్పు మీద యాంటెన్నా పెట్టి, 1575.42 మెగాహెర్ట్జ్ జీపీఎస్ సంకేతాన్ని కేబుల్ ద్వారా కిందికి దించి పునఃప్రసారం చేసే రిపీటరు అమర్చాలని, అందుకు ముందుగానే లైసెన్సు తీసుకోవాలని నా ఆలోచన. లోపలి రిసీవర్లన్నీ పైకప్పు యాంటెన్నా ఉన్న చోటునే తమ స్థానంగా చూపుతాయని తెలుసు. దానితో నాకు ఇబ్బంది లేదు. నా భయమల్లా లోపలి సంకేతం తిరిగి పై యాంటెన్నాకు చేరి రిపీటరు అదుపు తప్పుతుందేమోనని, లేదా ర్యాంపు గుండా బయటికి పొక్కి దారిన పోయే వాహనాలకు తప్పుడు స్థానం చూపుతుందేమోనని. రెండు యాంటెన్నాల మధ్య ఐసోలేషన్‌ను, అంటే ఒకదాని సంకేతం రెండోదానికి చేరేసరికి ఎంత బలహీనపడుతుందో దాన్ని, ఎలా కొలవాలి? దాన్నిబట్టి రిపీటరు గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు బలపరుస్తుందో ఆ మోతాదు) ఎంతవరకు పెంచవచ్చు?

మరొకటి: 88–108 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం ప్రసారాల కోసం సొరంగాల్లో పరిచే లీకీ కేబుల్ (తన పొడవునా సంకేతాన్ని కొద్దికొద్దిగా బయటికి వదిలే కేబుల్) వేయబోతున్నాము. జీపీఎస్‌ను కూడా అందులోనే పంపవచ్చా, లేక వేరే యాంటెన్నాలు పెట్టడమే మేలా? స్వయంగా అమర్చిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.